పనివాళ్ల ఖర్చుల లెక్క అడిగే ముందు జీతాల లెక్క తేల్చండి

తెలంగాణ రాష్ట్ర కనీస వేతనాల సలహా మండలి అధ్యక్షులకు, సభ్యులకు, కార్మిక శాఖ ఉన్నతాధికారులకు, వరంగల్, హనుమకొండ నగరాల వర్తక పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులారా,

నమస్కారం. నేను హనుమకొండలో దుకాణాలకు, చిన్న సంస్థలకు లెక్కలు రాసే గుమాస్తాను. పనివాళ్ల జీతాల రిజిస్టర్లూ, కిరాణా వ్యాపారుల ఉద్దెర ఖాతాలూ రెండూ నా చేతి మీదుగానే పోతాయి కాబట్టి, జీతం ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరుతుందో చూసే అవకాశం నాకు కొంచెం ఎక్కువ. బట్టల దుకాణాల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, హోటళ్లలో, గోదాముల్లో పనిచేసే కొందరితో కలిసి కనీస వేతనాల సవరణ కోరుతూ సంబంధిత కార్యాలయంలో ఒక వినతిపత్రం ఇచ్చాము. ముద్ర వేసి ఒక ప్రతి మా చేతికి తిరిగి ఇచ్చారు. గుర్తు చేస్తూ మరొక పత్రం ఇచ్చినా సమాధానం రాలేదు. అందుకే ఈ సంగతి అందరి ముందూ పెడుతున్నాను.

సమాధానం రాలేదు గానీ, జీతాల ప్రస్తావన తెచ్చిన ప్రతిచోటా ఒక మాట మాత్రం వినిపిస్తోంది. "ఇచ్చినా నిలుపుకోరండీ. తాగుడుకో, ఫోన్లకో, జాతరలకో తగలేస్తారు. పెంచి ఏం లాభం?" ఈ మాట అన్నవారిలో నేను ఏళ్ల తరబడి లెక్కలు రాస్తున్న షావుకార్లు కూడా ఉన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. పనివాడి ఇంట్లో చావు జరిగితే ముందుగా డబ్బు పంపేది వాళ్లే. కానీ ఆ మాట దుకాణం గల్లా దగ్గర ఆగిపోకుండా, వేతన సవరణను వాయిదా వేయడానికి ఒక సాకుగా మారుతోంది. కాబట్టి ముందు ఖర్చుల సంగతే తీసుకుంటాను.

1. కనీస వేతనం ఎంత ఉండాలన్నది పనిమనిషి డబ్బును ఎలా వాడుతున్నాడన్న దాని మీద మన దేశంలో ఎన్నడూ ఆధారపడలేదు. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ఒక కొలత ఇచ్చింది. పనిచేసే మనిషి, జీవిత భాగస్వామి, ఇద్దరు పిల్లలు కలిసి మూడు వినియోగ యూనిట్లు; ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి; కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట; ఇంటి కిరాయి; వంటచెరకు, దీపం, చిల్లర ఖర్చుల కింద మొత్తం వేతనంలో 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం, పెళ్లిళ్ల వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు రెప్టాకోస్ బ్రెట్ కేసులో చెప్పింది. ఇదంతా మనిషికి ఏం కావాలన్న లెక్క. ఏం ఖర్చు పెడుతున్నాడన్న లెక్కకు ఇందులో చోటు లేదు. అలా పెట్టడానికి బలమైన కారణం ఉంది. చాలీచాలని జీతంలో సర్దుకుంటున్న ఇంట్లో పప్పు పావు కిలోకు దిగుతుంది, డాక్టరు దగ్గరికి పోవడం వాయిదా పడుతుంది. ఆ కుదించుకున్న ఖర్చునే చూపించి "వీళ్లకు ఇంతే సరిపోతోంది కదా" అనడం మొదలుపెడితే, తక్కువ జీతమే తక్కువ జీతానికి సాక్ష్యమైపోతుంది.

అయితే ఆ కొలతలోనూ లోపాలు లేకపోలేదు. పాత వేతన చట్టాల స్థానంలో తెచ్చిన కొత్త చట్టమైన వేతనాల కోడ్ కింద కేంద్రం 2020లో ప్రకటించిన ముసాయిదా నియమాల్లో ఇంటి కిరాయిని తిండి, బట్టల ఖర్చులో 10 శాతంగా లెక్కించారు. తిండికీ బట్టలకూ నెలకు పది వేలు అనుకున్నా, కిరాయి వెయ్యి రూపాయలు అవుతుంది. హనుమకొండలోనే కాదు, కాజీపేట రైల్వే గేటు అవతల గల్లీలో కూడా వెయ్యి రూపాయలకు వంటగది ఉన్న పోర్షన్ దొరకదు. ఇక మూడు యూనిట్లలో ఇంట్లో ఉండే ముసలి తల్లిదండ్రుల ఊసే లేదు. 2019లో నివేదిక ఇచ్చిన అనూప్ సత్పతి కమిటీ దీన్ని 3.6 యూనిట్లకు పెంచాలనీ, 2018 జులై ధరల ప్రకారం దేశమంతటా రోజుకు కనీసం 375 రూపాయలు ఉండాలనీ సిఫార్సు చేసింది. అదే ఏడాది జాతీయ కనీస స్థాయిని 176 రూపాయల నుంచి 178కి మార్చారు. రెండు రూపాయల ఆ పెంపును చూసి మా ఆఫీసు పిల్లవాడు "సార్, ఇది అచ్చుతప్పా?" అని అడిగాడు.

2. ఇప్పుడు ఒక ఇంటి నెల లెక్క చూడండి. భర్త బట్టల దుకాణంలో సేల్స్‌మన్, జీతం 12,000. భార్య ఒక ఆసుపత్రిలో ఆయా, జీతం 8,000. ఇద్దరు పిల్లలు. పేరు, వాడ చెప్పవద్దన్న షరతు మీద పుస్తకం నా ముందు పెట్టారు. అందులో ఉన్నవి ఉన్నట్టు: ఇంటి కిరాయి 5,500. కిరాణా 4,500. పాలు, కూరగాయలు, వారానికోసారి కోడి కూర 3,000. పెద్ద పిల్లవాడి బడి ఫీజు నెలకు వచ్చే వాటా 1,800. గ్యాసు, ఫోను 700. మందులు 800. చిట్టి 1,000. ఫైనాన్సు కిస్తు 3,000. మొత్తం 20,300. ఆ పైనున్న మూడు వందలు కిరాణా కొట్టులో ఉద్దెర. ఇందులో సారా లేదు, సినిమా లేదు. ఆవిడ పుస్తకంలో ఒక పేజీకి అడ్డంగా గీత కొట్టి ఉంది. ఏమిటని అడిగితే, చిన్నదానికి కళ్లద్దాలకని రాసి, ఆ నెల కుదరక కొట్టేశానని చెప్పింది.

చిట్టి, కిస్తు తీసేస్తే ఆ నలుగురు వాడుకున్నది 16,300, తలకు 4,075. కేంద్ర గణాంక శాఖ 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం పట్టణాల్లో సగటు మనిషి నెల ఖర్చు 6,996 రూపాయలు. అంటే ఇద్దరు సంపాదిస్తున్న ఈ ఇల్లు దేశ పట్టణ సగటుకు ఆమడ దూరంలో ఉంది. ఆ సర్వేలో పట్టణ కుటుంబాల తిండి ఖర్చు వాటా 39.68 శాతం; ఈ ఇంట్లో దాదాపు 46. ఆదాయం తగ్గేకొద్దీ తిండి వాటా పెరుగుతుందని జర్మనీ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే తేల్చాడు. దుబారా చేసే ఇంటి లెక్క ఇలా ఉండదు.

3. పై లెక్కలో నిజంగా దండగ అనదగ్గ పద్దు ఒకటుంది. అది మూడు వేల కిస్తు. మన దగ్గర గిరిగిరి అని పిలిచే రోజువారీ ఫైనాన్సు ఎలా నడుస్తుందో వర్తకులకు నేను చెప్పనక్కర్లేదు. పదివేల అప్పు అని రాసుకుని, పట్టింపు పోను ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. బాకీ రోజురోజుకూ తగ్గుతుంటుంది కాబట్టి, సగటు బాకీ మీద లెక్కిస్తే ఆ మిత్తి ఏడాదికి నూటికి నూరు దాటిపోతుంది. బ్యాంకులో బంగారం పెట్టుకునే స్తోమత ఉన్నవాడికి పదో పన్నెండో శాతానికి దొరికే డబ్బు, జీతం తప్ప ఏమీ లేనివాడికి ఈ ధరకు దొరుకుతుంది. ఈ అప్పు ఎందుకు చేశారని అడిగితే, ఆ ఇంటివారు ఒకే కారణం చెప్పారు: జీతం పదిహేనో తారీఖు దాకా రాని నెలలు వరుసగా రెండు వచ్చాయి, కిరాయి ఇచ్చే రోజు మాత్రం ఐదో తారీఖే.

చిన్న మొత్తాల్లో కొనడం వల్ల పడే భారం కూడా ఇలాంటిదే. నెలసరి సామాను ఒక్కసారి తీసుకెళ్లే ఇంటికి నూనె డబ్బా ధరలో పడుతుంది. చిన్న ప్యాకెట్టు మీద ప్యాకెట్టు కొనే ఇంటికి అదే నూనె లీటరు లెక్కన ఎక్కువ పడుతుంది. చాయ్‌పత్తా, సబ్బు, పప్పు అన్నీ అంతే. కిరాణా ఖాతాలో అటువంటి ఇంటి పేజీ చూస్తే ఒకే సరుకు నెలలో పదిసార్లు కనిపిస్తుంది. డబ్బు వాడకం తెలియక అలా కొనరు. ఒకేసారి కొనేంత డబ్బు చేతిలో ఉండదు.

4. తాగుడు మాట కూడా దాటవేయను. కొన్ని ఇళ్లలో అది ఉంది, ఆ ఇళ్ల ఆడవాళ్లకు అది నరకం. అయితే వాడకు నాలుగు చోట్ల బెల్టు షాపు నడవనిచ్చి, ఆ నెపంతో కూలి పెంచబోమనడం ఏం న్యాయమో నాకు బోధపడదు. పైగా మన నగరంలో కనీస వేతనం అందనివారిలో చీరల కౌంటర్ల దగ్గర నిలబడే అమ్మాయిలు, ఆయాలు, బడుల్లో ఊడ్చేవాళ్లు, ఎనుమాముల మార్కెట్లో చాటలు పట్టే కూలి ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. వాళ్ల జీతం ఆపడానికి మగవాళ్ల తాగుడు ఎలా కారణం అవుతుంది?

ఫోను విషయానికొస్తే, డ్యూటీ ఎప్పుడో వాట్సాప్‌లోనే చెబుతారు, సరుకు ఫొటోలు వాట్సాప్‌లోనే పంపమంటారు, గిరాకీ దగ్గర డబ్బు ఫోనులోనే తీసుకోమంటారు. ఆ ఫోను కొన్నందుకు మళ్లీ దెప్పుతారు.

మేడారం జాతర గురించి మాత్రం నవ్వొస్తుంది. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, మొక్కుకున్న పనివాడు ఆ బెల్లం ఎక్కడ కొంటాడు? జాతర నెలలో బెల్లం హోల్‌సేలు ఖాతాలు నేనే రాస్తాను. బతుకమ్మ ముందు పది రోజుల్లో చీరల అమ్మకాలు ఎంత పెరుగుతాయో షావుకార్లకు నాకంటే బాగా తెలుసు. వాళ్లకు పండుగలు వద్దనుకుంటే ముందుగా ఖాళీ అయ్యేవి మన దుకాణాలే.

5. ఇక్కడే వర్తక పెద్దలకు గట్టిగా మనవి చేసుకోవలసిన సంగతి ఉంది. జీతం మీ పుస్తకంలో ఖర్చు పద్దు. అదే డబ్బు నెల తిరగకుండా ఇదే ఊళ్లో ఎవరో ఒకరి పుస్తకంలో అమ్మకం పద్దు అవుతుంది. కలిగినవాడి చేతికి మరో వెయ్యి వస్తే అది ప్లాటుకో, ఫిక్స్‌డ్ డిపాజిటుకో పోతుంది. ఇరవై వేల ఇంటికి మరో వెయ్యి వస్తే ఆ నెలలోనే కళ్లద్దాల దుకాణానికి, మందుల షాపుకు, కిరాణాకు వస్తుంది. కిరాణా ఖాతాల్లో ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా నగదు, ఇరవై దాటితే ఉద్దెర. జీతాలు ఆలస్యమైన నెలలో ఉద్దెర పేజీలు రెట్టింపవుతాయి. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు నడిచినన్నాళ్లూ జీతాల రోజున బజారు ఎంత కళకళలాడేదో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మిల్లు మూతపడ్డాక నష్టపోయింది మిల్లు కార్మికులు ఒక్కరే కాదని కూడా వాళ్లే చెబుతారు. ఎదుటి దుకాణం పనివాడికి మంచి జీతం రావాలని, మన దుకాణం పనివాడికి మాత్రం పాత జీతమే చాలని అందరూ అనుకుంటే, ఊళ్లో గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

6. "సన్నబియ్యం ఇస్తున్నారు, ఆడవాళ్లకు బస్సు ఉచితం, రెండు వందల యూనిట్ల దాకా కరెంటు బిల్లు లేదు, ఇంకా ఏం కావాలి?" అని అడిగేవారున్నారు. అవి నిజంగా ఆదుకుంటున్నాయి. పై ఇంటి లెక్కలో బియ్యం, కరెంటు కనిపించకపోవడానికి కారణం అవే. కానీ ప్రభుత్వం ప్రజల పన్నుతో ఇచ్చే బియ్యాన్ని యజమాని ఇవ్వవలసిన జీతంలో మినహాయించుకుంటే, ఆ సాయం పనివాడికి అందినట్టా, యజమానికి అందినట్టా?

7. చిన్న దుకాణాల కష్టం నాకు తెలుసు. ఇద్దరు పనివాళ్లతో నడిచే కొట్టు, ఆన్‌లైన్ అమ్మకాల పోటీలో, ఒక్కసారిగా పెద్ద భారం మోయలేదు. అందుకు విడతలవారీ పెంపు వంటి మార్గాలు ఆలోచించవచ్చు. అయితే మల్గీ కిరాయి ఏటా పెరుగుతున్నా "ఇక దుకాణం మూసేస్తాం" అని ఇంటి యజమానితో ఎవరూ అనరు. ఆ మాట జీతాల దగ్గరే వస్తుంది. కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకు కొనసాగే హక్కు లేదని సుప్రీంకోర్టు 1957లో క్రౌన్ అల్యూమినియం కేసులో అంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1982లో ఆసియా క్రీడల కార్మికుల కేసులో అంది. జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న వాదన విషయానికొస్తే, అమెరికాలోని న్యూజెర్సీ 1992లో గంట కనీస కూలిని 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచినప్పుడు, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు పక్క రాష్ట్రంతో పోల్చి చూశారు. ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో ఉద్యోగాలు తగ్గినట్టు వారికి కనిపించలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. న్యూజెర్సీ హనుమకొండ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఉద్యోగాలు పోతాయని చెప్పేవారు ఇక్కడి లెక్క ఒక్కటైనా చూపాలి కదా.

ఇక మా కోరికలు.

కనీస వేతనాలను ఐదేళ్లకు మించకుండా సమీక్షించి, అవసరమైతే సవరించాలని 1948 కనీస వేతనాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. మన రాష్ట్రంలో 2021 జూన్‌లో ఐదు రకాల ఉపాధులకు కొత్త రేట్లతో జీవోలు వెలువడ్డాయి గానీ, గెజిట్‌లో అచ్చు కాకపోవడంతో అవి కాగితం మీదే ఉండిపోయాయి. జీవో ఇచ్చి గెజిట్ ఆపే పద్ధతి మళ్లీ జరగకూడదు. ఏ ఉపాధిలో సవరణ జరిగినా, ఆ రేట్లు గెజిట్‌లో ఏ తేదీన వస్తాయో అదే ఉత్తర్వులో రాయాలి. ఆరు నెలలకోసారి కరువు భత్యం కలుపుతున్నాం కదా అన్న జవాబు చాలదు. ఆ భత్యం పాత బుట్టకు, అంటే పాత రేటు కట్టినప్పుడు లెక్కలోకి తీసుకున్న ఖర్చులకు, కొత్త ధర కట్టగలదు. ప్రైవేటు బడి ఫీజు, ఫోను, ఈనాటి ఇంటి కిరాయి ఆ పాత బుట్టలో లేనే లేవు.

రేటు కట్టే ముందు ధరలను హైదరాబాద్‌తో సరిపెట్టకుండా వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ బజార్లలో కూడా సేకరించాలి. కిరాయిని శాతంతో కాకుండా ఇక్కడ నిజంగా కడుతున్న మొత్తంతో లెక్కించాలి. లెక్క కట్టిన పట్టికను, చివరి అంకెతో సరిపెట్టకుండా, తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. ఇది మా ప్రధానమైన కోరిక; మిగతావాటిలో సర్దుబాటుకు సిద్ధం, ఇందులో కాదు.

నెల జీతం మరుసటి నెల ఏడో తారీఖులోగా అందాలన్నది చట్టంలో ఉన్నదే. అది అమలైతే గిరిగిరి అప్పుల్లో కొంత భాగం దానంతట అదే ఆగుతుంది. జీతం బ్యాంకు ఖాతాలో వేసి, తెలుగులో చీటీ ఇవ్వాలి. ఖాతాలో వేసి మళ్లీ కొంత నగదు వెనక్కి తీసుకునే పద్ధతి ఉన్నదని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. దాన్ని మానవలసిందిగా వర్తక సంఘాలే తమ సభ్యులకు రాతపూర్వకంగా చెప్పాలి.

తక్కువ జీతం మీద మూడేళ్లలోపు దావా వేయవచ్చనీ, పూర్తిగా ఇచ్చినట్టు రుజువు చేయవలసింది యజమానేననీ కోడ్‌లో ఉంది. ఆ సంగతి తెలిసిన పనివాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ప్రతి జిల్లా కార్మిక కార్యాలయంలో దుకాణాలకు వారపు సెలవు ఉన్న రోజున ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ఉండాలి. పని మానుకుని వస్తే ఆ రోజు కూలి కూడా పోతుంది.

సలహా మండలిలో మూడో వంతు మహిళలు ఉండాలని చట్టం అంటోంది. వారిలో దుకాణాల్లో, ఆసుపత్రుల్లో నిజంగా పనిచేస్తున్నవారు ఉండాలి. మండలి తన తదుపరి విచారణను వరంగల్‌లో జరపాలని, ఆ తేదీని కనీసం పదిహేను రోజుల ముందు తెలుగు పత్రికల్లో ప్రకటించాలని కోరుతున్నాం. జీతాల చీటీలు, ఇంటి ఖర్చుల పుస్తకాలు తీసుకుని మేము హాజరవుతాము. తాగుడు, ఫోన్లు, జాతరల గురించి చెప్పదలచిన వర్తక పెద్దలు కూడా తమ పుస్తకాలతో వచ్చి, అదే సభలో, పనివాళ్ల ఎదుటే ఆ మాటలు చెప్పవలసిందిగా మనవి.

ఇట్లు,
దుకాణాల లెక్కలు రాసే ఒక గుమాస్తా,
వినతిపత్రం మీద సంతకాలు చేసిన తోటివారి తరఫున,
హనుమకొండ